చేతనున్న పని, కంటికెదుటి పలక
(ఓడలరేవునందు జరిగిన మన సంఘ వార్షిక మహాసభలో చేసిన యుపన్యాసము)



ఈ మహాసభయందు విద్యను గూర్చియు, వివాహవ్యయములను గూర్చియు, ఐకమత్యమును గూర్చియు నాకంటె పెద్దలు, నాకంటె వక్తలు మాటలాడియున్నారు. నాకు నియమింపబడిన విషయము చూచుటకు మిగుల స్వల్పము. మనుష్యుడు తన చేతనున్న పనులను కంటి కగపడునట్లు పెట్టుకొని, వానికొక మితి నేర్పఱచుకొని, వాని నడకను కొలిచి చూచుకొనుట యెట్లు అనునదియే నేడు నేను చెప్పదలచిన సంగతి. ఇంత చిన్న విషయమునకు మహాసభ యేల యని కొందఱ కనిపింపవచ్చును. ఈ చిన్న విషయము తెలియకపోవుటచేతనే నా చేతులలో ఒక బాలిక చదువు ఒక సంవత్సరము చెడినది. ఆ ఋణము తీర్చుకొనుటకే ఈ వేదిక నెక్కితిని. తాము సావధానులై వినవలెనని ప్రార్థించుచున్నాను.

మనము సమావేశమైన యీ గ్రామము పేరులోనే ఓడ యున్నది, రేవును ఉన్నది. ఒకవంక వైనతేయ గోదావరి, వేఱొకవంక బంగాళాఖాతము. సమీపముననున్న బెండమూర్లంకయందు పదునెనిమిదవ శతాబ్దిలో ఆంగ్లేయుల వర్తకస్థానముండెను. 1757లో ఫ్రెంచి సేనాని బుస్సీ దానిని పట్టుకొనెను. ఆ వర్తకమును పోయినది, ఆ సేనలును పోయినవి. నేడు ఇచ్చట ఓ.ఎన్.జి.సి. వారి తీరకేంద్రమున్నది. సముద్రగర్భమునుండి గొట్టముల ద్వారా వచ్చు వాయువు ఈ గ్రామముననే ఒడ్డు చేరుచున్నది. నాడు ఓడ యైనను, నేడు వాయువైనను, రేవునకు వచ్చినదెంత, నిలిచినదెంత, వెడలిపోయినదెంత అను మూడు లెక్కలు తెలియనిదే రేవు నడువదు. మన దినచర్యయు నొక రేవే. పనులు వచ్చుచుండును, నిలుచుచుండును, పోవుచుండును. ఆ మూడు లెక్కలను మాత్రము మనలో వ్రాసికొనువారు అరుదు.

ఆరంభశూరత్వము

ఆంధ్రులు ఆరంభశూరులని లోకమొక మాట యన్నది. మనము దానిని విని నవ్వుకొందుము, లేదా కోపగించుకొందుము. నేను చాలకాలము ఆలోచించితిని. ఈ మాట మనలను సోమరులని యనుటలేదు. సోమరి యారంభమే చేయడు. మనము ఆరంభించుదుము, ఒకటి ముగియకముందే రెండవది యారంభించుదుము, రెండవది సగమున నుండగా మూడవదానికి మాట యిత్తుము. మొగమాటముచేత నాలుగవదానిని నెత్తికెత్తుకొందుము. అన్నియు సగము సగముగ నుండును. సగము కట్టిన యిల్లు వాననాపదు. సగము అల్లిన వల చేపను పట్టదు. చేసిన శ్రమ యంతయు నున్నది, ఫలము మాత్రము లేదు. రెండు పడవలమీద కాళ్లు పెట్టరాదని యేటి యొడ్డున పుట్టిన మనకు వేఱొకరు చెప్పవలసిన పనిలేదు. అయినను మనము పది పడవలమీద కాళ్లు పెట్టుచున్నాము.

ఇది పరులను గూర్చి చెప్పుమాట కాదు. నా కథయే చెప్పెదను.

కొన్నేండ్ల క్రిందట నేను మన శాఖాసంఘమునకు కార్యదర్శిగ నుంటిని. వసతిగృహము పైకప్పు పని, సభ్యత్వపు చందాలు, ఒక కుటుంబమున అన్నదమ్ముల పంపకము, గల్ఫుదేశమునుండి తిరిగివచ్చిన యొక సోదరుని జీతపు బకాయి కాగితములు, స్మారకసంచికకు ప్రకటనలు, వీనికి తోడు నా కొబ్బరితోట, నా యింటి పెండ్లి. వేకువను లేచి రాత్రి పదిగంటల వఱకు తిరుగుచుంటిని. సైకిలు మోటారుపై నేను పోవుచుండగా జనులు చూచి, "ఆయనకు క్షణము తీరిక లేదు" అని మెచ్చుకొనుచుండిరి. ఆ మెప్పు నాకు తీయగనుండెను.

ఆ దినములలో కొబ్బరిపీచు పనిచేసి జీవించు నొక సోదరి తన కుమార్తె విద్యార్థివేతనపు దరఖాస్తును నా చేతికిచ్చెను. దానిపై కార్యదర్శి సంతకమొకటి కావలెను. పిమ్మట గడువులోపల దాత పేర పంపవలెను. అయిదు నిమిషముల పని. "రేపు చేసెదనమ్మా" అంటిని. ఆ కాగితము నా సంచిలో చేరినది. దానిపై ప్రకటనల రసీదులు చేరినవి, వానిపై కప్పుపని అంచనాలు చేరినవి. నెలదినముల తరువాత సంచి దులిపినప్పుడు అది క్రిందపడినది. గడువు దాటి పదునొకండు దినములైనది.

నేను వారి యింటికి పోయి తల వంచుకొని నిలువబడితిని. ఆ తల్లి నన్ను తిట్టలేదు. "అన్నయ్యగారూ, తమరు పనిలో నున్నారుగదా యని జ్ఞాపకము చేయలేదండీ" అన్నది. ఆ మాట నేటికిని నా చెవిలో నున్నది. నేను పనిలో నుండుటయే ఆమె బిడ్డకు హాని చేసినది! ఆ బాలిక ఆ సంవత్సరము కళాశాలకు పోలేదు. తల్లితో పీచుపనికి పోయినది. మఱుసటి యేట చేర్పించితిమి. కాని పోయిన యేడు తిరిగి వచ్చునా?

గుట్టలోని కొబ్బరికాయ

ఆ సంక్రాంతికి హైదరాబాదులో కంప్యూటరు పనిచేయు మా మేనల్లుడు వచ్చెను. నా దిగులు చూచి, "మామయ్యా, ఇప్పుడు మీ చేతిలో పనులెన్ని యున్నవి?" అని యడిగెను. చాల నున్నవంటిని. "చాల యనునది లెక్క గాదు మామయ్యా, ఎన్ని?" అనెను. నేను చెప్పలేకపోతిని. ఇరువదియైదేండ్లు తోటలెక్కలు వ్రాసినవాడను, ఏ చెట్టు ఎన్ని కాయలు దిగినదో చెప్పగలవాడను. నా చేతనున్న పనులెన్నియో నాకు తెలియలేదు.

ఒక్కొక్క పనిని ఒక్కొక్క చీటిపై వ్రాయించెను. ముప్పదియొక చీటీలైనవి. వానిని వసారాలో గోడపై అంటించి చూపెను. అందు ఇరువదినాలుగు పనులు ఆరంభించినవే, ముగియనివే. "వారమునకెన్ని ముగించుచున్నారు?" అని యడిగెను. వెనుకటి వారములను తలచికొని, నాలుగు అంటిని. అంతట నాకు తెలిసిన భాషలోనే యతడు నాకు బోధించెను.

మన తోటలలో దింపువారు చెట్టెక్కి కాయలు దింపుదురు. క్రింద గుట్ట పోయుదురు. ఒలుపువారు పీచు వలిచి విడదీయుదురు. పిమ్మట లెక్కించి అంబాజీపేట వర్తకునకు పంపుదుము. గుట్టలో ఆరువేల కాయలున్నవి, ఒలుపువారు దినమునకు రెండువేలు వలుతురు అనుకొనుడు. నేడు గుట్టలో చేరిన కాయకు ఎన్నిదినములకు వంతు వచ్చును? మూడు దినములకు. మనము తొందరపడి దింపువారిని ఎక్కువమందిని పెట్టి దినమునకు మూడువేలు దింపించితిమి. నాలుగు దినములలో గుట్ట పదివేలైనది. ఇప్పుడు చేరిన కాయ అయిదు దినములు నిలువవలెను. చెట్లమీద హడావిడి పెరిగినది. బండి యెక్కు కాయలు ఒక్కటియు పెరుగలేదు. గుట్ట మాత్రము పెరిగినది. అందు ఎండకు పగులునవి కొన్ని, మొలక వచ్చునవి కొన్ని.

నా చేతిలో ఇరువదినాలుగు, వారమునకు ముగియునవి నాలుగు. కావున నేను పట్టిన పని యొక్కొక్కటి ముగియుటకు సరాసరిని ఆఱు వారములు. ఆ బాలిక కాగితము నెలదినములు సంచిలో నుండుట ఆశ్చర్యము కాదు. లెక్క ప్రకారమే యది జరిగినది. నా మఱపు కేవలము దైవఘటనము కాదు, నేను పోసికొన్న గుట్టయొక్క ఫలము.

ఈ లెక్కను జాన్ లిటిల్ అను అమెరికా పండితుడు 1961లో గణితముచే నిరూపించెను. నిలువయున్న పనుల సంఖ్యను, నిర్ణీతకాలమున ముగియు పనుల సంఖ్యచే భాగించినచో, ఒక పనికి పట్టు సరాసరి కాలము వచ్చును. రాకపోకలు ఇంచుమించు సమముగ నున్నంతకాలము, అంగడిముందరి వరుసకైనను, వైద్యశాలకైనను, కార్ఖానాకైనను ఇదియే న్యాయము. వేగముగ ముగింపవలెనన్న మార్గములు రెండే. చేయు శక్తిని పెంచుకొనుట యొకటి. చేతనున్న సంఖ్యను తగ్గించుకొనుట రెండవది. మొదటిది ధనముతోను ఆరోగ్యముతోను పని. రెండవదానికి కావలసినది "ఇప్పుడు కాదు" అను నొక్క మాట.

జపానునుండి హైదరాబాదునకు

ఈ పద్ధతి పుట్టుక వినదగినది. జపానుదేశమున టొయోటా మోటారుకారుల కార్ఖానాలో తైయిచి ఓనో అను అధికారి యుండెను. యుద్ధానంతరము ఆ దేశము బీదదై యున్నప్పుడు, అక్కఱలేని సరకును చేసి గుట్టలు పోయుట ఎంత నష్టమో ఆయన గ్రహించెను. అమెరికాలోని పెద్ద అంగళ్లలో కొనువాడు తీసికొన్నంత మేరకే మరల అరలు నింపుదురని తెలిసికొని, 1953 నాటికి తన యంత్రశాలలో అదే న్యాయమును ప్రవేశపెట్టెను. తరువాతి పనివాడు ఒక చీటి పంపినప్పుడే ముందరి పనివాడు సరకు చేయవలెను. చీటి లేనిదే సరకు లేదు. ఆ చీటికి 'కాన్‌బాన్' అని పేరు. జపానుభాషలో ఆ మాటకు అంగడి పలక, గుఱుతుపలక యని యర్థము.

కార్ఖానాలోని పద్ధతి బుద్ధితో చేయు పనులకు సరిపడునని తొలుత చూపిన ఘట్టములలో ఒకటి మన తెలుగుగడ్డమీదనే జరిగినది. 2004లో మైక్రోసాఫ్టు వారి లోపలి కార్యాలయముల కంప్యూటరు పనులను సరిదిద్దు చిన్న జట్టొకటి హైదరాబాదులో పనిచేయుచుండెను. ముగ్గురు వ్రాయువారు, ముగ్గురు పరీక్షించువారు. చేయవలసిన కోరికలు ఎనుబదికి మించి నిలిచియుండెను. ఒక్కొక్క కోరిక తీరుటకు సరాసరిని 155 దినములు పట్టుచుండెను. ఆ జట్టు అసమర్థమని అమెరికాలోని వారు తలచిరి. డ్రాగోష్ డుమిత్రియు అను కార్యనిర్వాహకుడు, డేవిడ్ ఆండర్సన్ అను నాయన సలహాతో, పని నడక నాద్యంతము పరిశీలించెను. తేలినదేమి? క్రొత్త కోరిక వచ్చినప్పుడెల్ల "ఇది యెంతకాలము పట్టును?" అని అంచనా వేయుటకే ఆ జట్టు శక్తిలో మూడవవంతునకు తక్కువగాని భాగము పోవుచుండెను. అంచనా వేయించుకొన్న కోరికలలో అనేకము చేయుటయే లేదు. అంచనా వేయుటకై చేతిలోని పని నిలిపివేయుచుండిరి.

అంతట వారు అంచనాలను మానిపించిరి. ఒక్కొక్క పనివాని చేతిలో ఒక్క పనియే యుండవలెను. దానివెనుక స్వల్పముగ సిద్ధసరకు. చోటు ఖాళీయైనప్పుడే, ఏది ముఖ్యమో అడుగువారే తమలో తాము నిర్ణయించుకొని క్రొత్తది పంపవలెను.  2005 ముగియునాటికి పేరుకొన్న నిలువ కరిగిపోయినది. 155 దినములు 14 దినములైనవి. అసమర్థులని పేరుపడినవారు సమర్థులనిపించుకొనిరి. సోదరులారా! మనుష్యుని నిందించుటకు ముందు వాని నెత్తిమీది బరువును లెక్కింపవలెనని యీ కథ చెప్పుచున్నది.

ఆండర్సన్ 2010లో ఈ పద్ధతిపై గ్రంథము ప్రచురించెను. 2011లో జిమ్ బెన్సన్, టోనియాన్ డిమరియా బ్యారీ అనువారు దీనినే ఒంటిమనిషికిని, ఇంటికిని అన్వయించి వేఱొక గ్రంథము వ్రాసిరి. వారు చెప్పిన సూత్రములు రెండే: పనిని కంటికి కనబఱచుము, చేతనున్న పనికి మితి పెట్టుము.

పలక నమర్చు విధము

ఇది ధనవంతుల వేడుక కాదు. ఒక గోడ, కొన్ని చీటీలు, కొంచెము జిగురు చాలును. పిల్లవాని పాత పలకయైనను సరియే. చరవాణిలో పలకలు చేయువారును కలరు. కాని తెఱచి చూచిననే కనబడునది మఱచుటకును సులభమే. గోడ యట్లు కాదు. అన్నము తినుచున్నను అది మనలను చూచుచుండును.

పలకను నాలుగు గడులుగ విభజింపుడు. మొదటిగడి 'చేయవలసినవి', రెండవది 'చేయుచున్నవి', మూడవది 'పరుల చేతనున్నవి', నాలుగవది 'అయినవి'. ఒక్కొక్క పనికి ఒక్కొక్క చీటి. "ఇల్లు కట్టుట" అని వ్రాయరాదు. అది యేడాదికిని కదలదు. "ఇసుకకు బేరమాడుట" అని వ్రాయవలెను. ఒకటి రెండు దినములలో కదలగలిగినంత చిన్నదిగ పనిని విఱువవలెను.

మూడవగడిని గూర్చి యొక మాట. సంతకమునకై, సమాధానమునకై, అధికారిగారి దర్శనమునకై వేచియున్న పనులు మన చేతిలో లేనివి, మన మెడమీద నున్నవి. వీనిని వేఱుగ పెట్టి, మరల ఎప్పుడు జ్ఞాపకము చేయవలెనో ఆ తేదీని చీటిపై వ్రాయవలెను. నా దరఖాస్తు కథలో ఆ తల్లికి ఇట్టి పలక యున్నచో "అన్నయ్యగారి చేత నున్నది, ఫలానాటికి అడుగవలెను" అని యుండెడిది.

ఇక మితి. రెండవగడిలో మూడు చీటీలకంటె నుండరాదని నేను నియమము చేసికొంటిని. నాల్గవది రావలెనన్న మూటిలో నొకటి ముగియవలెను, లేదా వెనుకకు పోవలెను. మొదటివారము నా చేతులు కట్టివేసినట్లుండెను. పంటుమీద మితికి మించి జనము నెక్కించినచో నడియేట నేమగునో ఎఱిగినవారమే. రేవులో మిగిలినవాడు కోపగించినను పంటివాడు త్రాడు విప్పును. పూర్వము గోదావరి కాలువల లాకులలో చోటున్నన్ని పడవలే లోపలికి పోవుచుండెను. తక్కినవి తలుపు వెలుపల కనబడుచు నిలుచుచుండెను. ఏప్రిలు 15 మొదలు జూను 14 వఱకు మన తూర్పుతీరమున మరపడవలు వేటకు పోరాదని నిషేధమున్నది. ఆ నిషేధము చేపలు పిల్లలు పెట్టుకొనుటకే, మఱుసటి వేట కలుగుటకే. మితి యన్నది ఫలమును తగ్గించుటకు కాదు, ఫలము చేతికి దక్కుటకు.

ముప్పదియొక చీటీలలో తొమ్మిదింటిని నేను చేయజాలనని స్పష్టముగ తెలిసినది. వారి వారి యిండ్లకు పోయి, "ఇది నావలన కాదు, వేఱొకరిని చూచుకొనుడు, క్షమింపుడు" అని చెప్పితిని. ఒక్కరు మాత్రము కోపగించిరి. తక్కినవారు "ఈ మాట ముందే చెప్పినచో బాగుండెడిదికదా" అనిరి. వారి మాటయే న్యాయము.

కొలతలు

ప్రతి చీటిపై మూడు తేదీలు వేయవలెను: అడిగిన తేదీ, పట్టిన తేదీ, ముగిసిన తేదీ. ఇంతకు మించిన లెక్కలు మనకు వలదు.

పట్టిన నాటినుండి ముగిసిన నాటివఱకు నా నడక. అడిగిన నాటినుండి ముగిసిన నాటివఱకు అడిగినవాని నిరీక్షణ. ఈ రెంటిని కలుపరాదు. చేతిలో మూడే యుంచుకొని, మొదటిగడిలో నలువది చీటీలు పేర్చుకొన్నచో నా నడక చక్కగ కనబడును. అడిగినవాడు మాత్రము మునుపటివలెనే ద్వారమున నిలిచియుండును. అది ఆత్మవంచన. కావున మొదటిగడికిని హద్దుండవలెను, మాట యిచ్చుటకు ముందే ఆ గడివంక చూడవలెను.

నెలకొకసారి ముగిసిన చీటీలను దింపి చూచుచుంటిని. ఒకసారి ఇరువది చీటీలలో పదునేడు పండ్రెండు దినములలోపల ముగిసినవి. మూడు మాత్రము నెలకు పైబడినవి. అప్పటినుండి ఎవరైన అడిగినచో "రేపు" అనుట మానితిని. "పట్టినపిమ్మట పండ్రెండు దినములు, ఇరువదింట మూడు మాత్రము తప్పవచ్చును" అని చెప్పుచున్నాను. పూర్వము దయ్యమును త్రిప్పి పంపుటకు గోడలమీద 'రేపు రా' అని వ్రాసెడివారు. మనము నోటితో మనుష్యులకు అదే వ్రాయుచున్నాము. లెక్క చూచి చెప్పినమాట రేపటికంటె దూరముగ నుండవచ్చును గాని, నమ్మదగినదిగ నుండును.

ఆ మూడు చీటీలు ఏల ఆలస్యమైనవో చూచితిని. మూడును ఒకే కార్యాలయమునకు సంబంధించినవి. మూటికిని ఒకే పత్రము ముందుగ తీసికొనిపోలేదు. ఆ పత్రము ముందే సిద్ధము చేసికొనుట నేర్చితిని. కొలతయొక్క ప్రయోజనమిది. మనుష్యుని కొట్టుటకు కాదు, త్రోవలోని ముల్లు తీయుటకు.

రెండవగడిలో ఎక్కువ దినములుగ కదలని చీటిని ప్రతి ఉదయమును మొదట చూడవలెను. పనికిని వయస్సున్నది. క్రొత్తపని బాలునివలె ముద్దుగ నుండును, అందఱు దానినే ఎత్తుకొందురు. ముసలిపని మూలనుండి దగ్గుచుండును, ఎవరును పలుకరింపరు. బ్లూమా జైగార్నిక్ అను మనశ్శాస్త్రజ్ఞురాలు 1927లో ప్రకటించిన పరిశోధనలో, ముగిసిన పనులకంటె మధ్యలో నిలిచిన పనులే మనస్సులో ఎక్కువగ మెదలుచుండునని చెప్పినది. రాత్రి నిద్రపట్టకుండ మనలను లేపునవి యివియే. చీటిపై వ్రాసి గోడ కంటించినచో మనస్సునకు కొంత విశ్రాంతి, ముగించినచో పూర్ణవిశ్రాంతి.

కొన్ని యాక్షేపణలు

ఆపద వచ్చినప్పుడు పలక చూచుకొనుచు కూర్చుండుమా యని కొందఱడుగుదురు. వలదు. 1996 నవంబరు 6వ తేదీ రాత్రి తుపాను మన కోనసీమను ఊడ్చిపెట్టినప్పుడు ఏ పలకయు నిలువదు, ఏ మితియు పనికిరాదు. అట్టి పనికి ఎఱ్ఱచీటి వ్రాసి, తక్కినవి నిలిపి, దానినే చేయవలెను. కాని ఎఱ్ఱచీటి యొక్కటియే యుండవలెను. అన్ని చీటీలును ఎఱ్ఱనైనచో ఏదియు ఎఱ్ఱన కాదు.

మనుష్యజీవితమును చీటీలుగ చేయుట యంత్రముగ చేయుటయే కదా యని వేఱొక యాక్షేపణ. తల్లికి మందిచ్చుట, బిడ్డతో మాటలాడుట, పొరుగువాని దుఃఖమున నిలుచుట, ఇవి పలకపై వ్రాయదగినవి కావు, కొలువదగినవియు కావు. వీనికి తీరిక మిగులుటకే తక్కినవానిని కొలుచుట. ఒకరి పలకను వేఱొకరి పలకతో పోల్చి, "వానివి పది, నీవి నాలుగు" అనుట మహాపరాధము. నాలుగింటిలో నొకటి కొండంతది కావచ్చును.

సోదరీమణులతో నొక మనవి. ఇంటిపనులలో సగము ఎవరి కంటికిని కనబడవు. కనబడనిదానికి వంతు పంచుకొనువాడుండడు. మా యింట నా భార్య తన పనులను గోడపై అంటించినదినమున ఆమె రెండవగడిలో పదునాఱు చీటీలుండెను. నా గడిలో మూడు! మితిని గూర్చి ఊరంతయు ఉపదేశించుచున్న నేను సిగ్గుపడితిని. అయిదు చీటీలు నావంకకు తెచ్చుకొంటిని. ఆ అయిదును నేటికిని నావియే.

విద్యార్థులారా! పరీక్షకు ముందు ఆఱు పుస్తకములను ఒకేసారి తెఱచి కూర్చుండకుడు. పాఠములను చీటీలుగ వ్రాసి, రెంటిని చేతబట్టి, ముగించి, తరువాతివానిని పట్టుడు. 'అయినవి' అను గడి నిండుట చూచిన కలుగు ధైర్యము ఎవరి యుపదేశమువలనను కలుగదు.

సంఘమునకు విన్నపము

మహారాజపోషకులారా! తాము ధనమిచ్చుచున్నారు. ఆ ధనము ఏ కాగితముక్రింద నిద్రించుచున్నదో తెలిసికొనుట తమకు హక్కు. మన కార్యాలయపు గోడపై అందఱకు కనబడునట్లు పలకయొకటి యుండవలెనని నేను కోరుచున్నాను. విద్యార్థివేతనపు దరఖాస్తు ఒక్కొక్కటి ఒక్కొక్క చీటి. పేరు వలదు, వరుససంఖ్య చాలును, బీదతనమును గోడకెక్కింపరాదు. వచ్చిన తేదీ, గడువు తేదీ, ఎవరి చేత నున్నది, ఇవి యుండవలెను. కార్యదర్శి చేతిలో అయిదు పనులకంటె నుండరాదు. ఆఱవదానికి వేఱొక చేయి చూడవలెను. మనకు చేతులు తక్కువ లేవు, అడుగుట తక్కువ. ప్రతి మహాసభయందును ఎన్ని వచ్చినవి, ఎన్ని ముగిసినవి, సరాసరిని ఎన్ని దినములు పట్టినవి అను మూడంకెలు చదువవలెను. క్రొత్త భవనమునకు పునాదిరాయి వేయుటకు ముందు, పాత భవనము కప్పు ముగిసినదా యని ఆ పలక నడుగవలెను.

ఇందువలన కార్యదర్శులకు అవమానమగునని పెద్దలు కొందఱు శంకించిరి. నేను కార్యదర్శిగ నుండినవాడను. నా మాట వినుడు. ఆనాడు ఆ గోడమీద ఆ చీటి యుండియుండినచో, గడువు దగ్గఱపడుట చూచి ఎవరో యొకరు, మన గుమాస్తాయో, కాఫీ తెచ్చు బాలుడో, ఆ తల్లియో, "అయ్యా, ఇది మిగిలిపోయినది" అని యుందురు. నేను అయిదు నిమిషములలో సంతకము చేసియుందును. పదిమంది యెదుట కలుగు చిన్న సిగ్గు, ఒంటరిగ మోయవలసిన పెద్ద పశ్చాత్తాపముకంటె మేలుకాదా?

నా సంచిని నేను నేటికిని దాచియుంచితిని. దానిలో కాగితములు పెట్టుట మానితిని. ఇంటికి పోయినపిమ్మట తాము చేయవలసినది ఒక్కటియే: చేతనున్న పనులెన్నియో లెక్కించి, ఆ సంఖ్యను ఒక చీటిపై వ్రాసి గోడ కంటింపుడు. క్రొత్తపని యేదియు నేడు ఆరంభింపవలదు. ఉన్నవానిలో ముసలిదానిని ఒక్కదానిని ముగింపుడు.